సంసారం గుట్టు విప్పిన ఇల్లాలు: కరోలిన్ నార్టన్

లండన్‌లో మేఫెయిర్ పేటలో చెస్టర్‌ఫీల్డ్ స్ట్రీట్ అని ఒక చిన్న వీధి ఉంది. ఆ వీధిలో 3వ నంబరు ఇంటి గోడకు 2021లో గుండ్రటి నీలం పలక ఒకటి బిగించారు. ఫలానా గొప్పవాళ్ళు ఇక్కడ ఉండేవారు అని చెప్పే ఇలాంటి పలకలు ఈ ఊళ్ళో అడుగడుగునా కనిపిస్తాయి కాబట్టి మనం తలెత్తి చూడం. నేనూ చూసేదాన్ని కాదు. ఉన్నట్టుండి వాన రావడంతో అక్కడ గోడవార నిలబడాల్సి వచ్చింది, అప్పుడు చదివాను. కరోలిన్ నార్టన్ అని ఉంది.

పేరు ఎక్కడో విన్నట్టే ఉంది గానీ ఎవరో గుర్తు రాలేదు. లైబ్రరీ నుంచి పుస్తకాలు తెచ్చుకుని చదివాను. చదివినకొద్దీ ఒక పాత సంగతి నన్ను లోపల పీకడం మొదలుపెట్టింది. అది నా తప్పుకు సంబంధించిన సంగతి. దాని గురించి తర్వాత చెబుతాను, ముందు ఆవిడ కథ వినండి.

కరోలిన్ 1808 మార్చి 22న లండన్‌లో పుట్టింది. పుట్టింటి పేరు షెరిడన్. తాతగారు రిచర్డ్ బ్రిన్స్‌లీ షెరిడన్, ద స్కూల్ ఫర్ స్కాండల్ అనే నాటకం రాసినాయన. ఆయన పేరు మన దేశం చరిత్రలో కూడా వస్తుంది. వారన్ హేస్టింగ్స్ మీద ఇక్కడి పార్లమెంటులో విచారణ జరిగినప్పుడు, అవధ్ బేగముల సొమ్ము లాక్కున్నాడంటూ హేస్టింగ్స్‌ని గంటల తరబడి కడిగేసింది ఈయనే. మాటకారితనం ఆ ఇంట్లో అందరికీ వచ్చిన ఆస్తి. వేరే ఆస్తి మాత్రం లేదు. తండ్రి టామ్ షెరిడన్ ఉద్యోగం మీద దక్షిణాఫ్రికాలోని కేప్‌కి వెళ్ళి 1817లో అక్కడే పోయాడు. తల్లికి, పిల్లలకి హాంప్టన్ కోర్ట్ పాలెస్‌లో అద్దె లేకుండా ఒక వాటా ఇచ్చారు. పేరుకు ప్యాలెస్సే గానీ చేతిలో డబ్బు లేదు.

ముగ్గురు ఆడపిల్లలు. పెద్దది హెలెన్, నడిమిది కరోలిన్, చిన్నది జార్జియానా. ముగ్గురూ అందగత్తెలని లండన్ అంతా చెప్పుకునేవారు. అన్నట్టు, ఆ హెలెన్ కొడుకే తర్వాత 1884లో వైస్రాయ్‌గా మన దేశానికి వచ్చిన డఫ్రిన్ ప్రభువు. మన ఊళ్ళలో లేడీ డఫ్రిన్ ఆసుపత్రి అనే మాట వినే ఉంటారు, ఆ లేడీ డఫ్రిన్ ఈ హెలెన్ గారి కోడలు.

కరోలిన్‌కి పదహారేళ్ళప్పుడు జార్జ్ నార్టన్ అనే ఆయన ఆమెను చూసి, పెళ్ళి చేసుకుంటానని తల్లికి ఉత్తరం రాశాడు. అప్పటికి ఆ పిల్లతో నాలుగు మాటలు కూడా మాట్లాడలేదు. ఇంకా చిన్నపిల్ల, ఆగమంది తల్లి. అతను ఆగాడు. 1827లో, ఆవిడకి పందొమ్మిదేళ్ళు వచ్చాక, పెళ్ళి జరిగింది. అబ్బాయి లాయరు, పార్లమెంటు మెంబరు, పైగా గ్రాంట్లీ ప్రభువుకి తమ్ముడు, అన్నకి పిల్లలు లేకపోతే బిరుదు ఇతనికే వస్తుంది. చేతిలో చిల్లిగవ్వ లేని ఇంటికి ఇంతకన్నా మంచి సంబంధం ఎక్కడ దొరుకుతుంది? మనవాళ్ళు అమెరికా సంబంధం, లండన్ సంబంధం అని ఎగిరి గంతేసినట్టే ఆ తల్లీ అనుకుని ఉంటుంది. తీరా చూస్తే చెప్పుకున్నంత రాబడి అతనికి లేదు.

పెళ్ళయిన కొద్ది వారాలకే మొదటి దెబ్బ పడింది. ఇద్దరూ ఏదో మాట్లాడుకుంటున్నారు. అతనన్న మాట అర్థం లేకుండా ఉందని కరోలిన్ అంది. మాటకారి ఇంట్లో పుట్టింది కదా, అనేసింది. వెంటనే డొక్కలో ఒక్క తన్ను తన్నాడు. నొప్పి చాలా రోజులు ఉందట. అతనితో ఒకే గదిలో ఉండాలంటే భయమేసి ఆ రాత్రంతా వేరే గదిలో కూర్చుని గడిపింది. ఈ వివరాలు ఆవిడే 1854లో అచ్చు వేయించిన పుస్తకంలో రాసింది. అప్పటికి ఆ తన్ను తగిలి దాదాపు ఇరవై ఏడేళ్ళు. అంతకాలం గుర్తుండిపోయింది.

నాకు చదివిన వాటిలో అన్నిటికన్నా ఎక్కువ కలుక్కుమన్నది కెటిల్ సంగతి. ఒక ఉదయం టిఫిన్ బల్ల దగ్గర మరుగుతున్న టీ కెటిల్‌ని తీసి ఆవిడ చేతి మీద పెట్టాడు. చర్మం కాలింది, బొబ్బలెక్కింది. పిల్లల్ని చూసే ఆయా పరుగెత్తి డాక్టరుని పిలుచుకొచ్చింది. కట్టు కట్టించుకున్నాక కరోలిన్ తన భర్త ఎక్కడున్నాడని అడిగింది. ఆవిడ కూర్చున్న చోట రాలిన రొట్టెముక్కలు తుడవమని పనివాడికి చెప్పి, అదే చోట కూర్చుని, టిఫిన్ పూర్తి చేసి, ఆఫీసుకి వెళ్ళిపోయాడని చెప్పారు. ఎలా ఉందని ఒక్క మాట అడగలేదు. చెయ్యి కాల్చిన దానికన్నా ఆ రొట్టెముక్కలు తుడిపించడమే నాకు ఎక్కువ భయం కలిగించింది. కోపంలో చెయ్యి చేసుకున్నాడు, మనసు మంచిదే అని సర్ది చెప్పేవాళ్ళు ఈ టిఫిన్ తినడాన్ని ఏమంటారో నాకు తెలియదు.

ఇంకోసారి ఆవిడ భయపడి గదిలో తలుపు వేసుకుంటే, తలుపు బద్దలుకొట్టుకుని లోపలికి వచ్చాడు. అప్పుడావిడ కడుపుతో ఉంది. పనివాళ్ళు అడ్డుపడ్డారు.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. ఆ ఆఫీసు ఏమిటంటే, పోలీసు కోర్టు. పార్లమెంటు సీటు పోయాక జార్జ్‌కి ఉద్యోగం కావలసి వచ్చింది. నీకు పెద్దవాళ్ళు తెలుసు కదా, నా కోసం అడుగు అని భార్య ప్రాణం తీశాడు. ఆవిడ హోమ్ మంత్రి మెల్‌బోర్న్ ప్రభువుకి రాసింది. అలా 1831లో అతను లండన్‌లో పోలీసు మేజిస్ట్రేటు అయ్యాడు. ఆడదాని మీద చెయ్యి చేసుకున్న తాగుబోతుల కేసులు కూడా అలాంటి కోర్టుల ముందుకే వచ్చేవి. చదువు లేనివాళ్ళ ఇళ్ళలోనే ఇలాంటివి జరుగుతాయని మనలో ఇంకా చాలామంది అనుకుంటారు. కాబట్టి ఇది ప్రత్యేకంగా చెబుతున్నాను.

ఇంటి ఖర్చు చాలావరకు కరోలిన్ సంపాదనే. 1829లో ఆవిడ మొదటి కావ్యం వచ్చింది, 1830లో రెండోది. పత్రికలకు రాసేది, పత్రికలకు సంపాదకురాలిగా పనిచేసేది. అయితే అప్పటి చట్టం ప్రకారం పెళ్ళయిన స్త్రీకి వేరే ఉనికి లేదు. ఆమె సంపాదన భర్తది, ఒంటి మీద నగలు భర్తవి, పిల్లలు భర్త సొత్తు. ఆమె తన పేరు మీద దావా వేయలేదు, ఒప్పందం చేసుకోలేదు. భార్యాభర్తలు చట్టం దృష్టిలో ఒక్కరే, ఆ ఒక్కరు భర్త. పార్వతీపరమేశ్వరుల అర్ధనారీశ్వరంలో సగమైనా ఉంది, ఇందులో అదీ లేదు.

1829, 1831, 1833లో ముగ్గురు కొడుకులు పుట్టారు: ఫ్లెచర్, బ్రిన్స్‌లీ, విలియం. వాళ్ళ కోసమే ఆవిడ అన్నేళ్ళూ ఓర్చుకుంది. 1835లో మళ్ళీ కడుపుతో ఉండగా దెబ్బలు తిని, ఇల్లు వదిలి తనవాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయింది. అతను బతిమాలుతూ ఉత్తరాలు రాశాడు. ఇకమీదట అలా జరగదన్నాడు. ఆవిడ క్షమించి తిరిగి వెళ్ళింది.

ఈ తిరిగి వెళ్ళడమే తర్వాత ఆవిడ కొంప ముంచింది. ఎలాగంటే, భర్త క్రూరంగా చూస్తున్నాడని చర్చి కోర్టులో విడిగా ఉండే అనుమతి అడగవచ్చు. కానీ ఒకసారి క్షమించి తిరిగి కాపురానికి వెళ్తే, అంతకు ముందు జరిగినదంతా ఆమె మాఫీ చేసినట్టు లెక్క. అప్పటి దెబ్బలు ఇక సాక్ష్యానికి పనికిరావు.

ఇక్కడ నా సంగతి చెప్పుకోవాలి. చాలా ఏళ్ళ కిందట సంక్రాంతి సంబరాలకి మేమంతా హాలు వెనక వంటగదిలో పులిహోర కలుపుతున్నాం. కొత్తగా పెళ్ళయి వచ్చిన ఒక అమ్మాయి నాకు సాయం చేస్తోంది. గంటలో ఏడెనిమిది సార్లు ఫోను మోగింది, ప్రతిసారీ బయటికి పరుగెత్తి మాట్లాడి వస్తోంది. వంటగదిలోనే ఉన్నానండీ, ఆంటీ పక్కనే ఉన్నారండీ అంటోంది. భోజనం టికెట్టుకి ఐదు పౌండ్లు తన దగ్గర లేవంది. తను ఉద్యోగం చేస్తోందని నాకు తెలుసు. జీతం కార్డు ఆయన దగ్గరే ఉంటుందట. తర్వాత మెల్లగా ఇంకొన్ని సంగతులు చెప్పింది. నేనేమన్నానో నాకు బాగా గుర్తుంది. కొత్తలో అందరిళ్ళలోనూ ఇంతే, మగవాళ్ళకి కొంచెం అనుమానం ఎక్కువ, ఒక బిడ్డ పుడితే అంతా సర్దుకుంటుంది అన్నాను. ఆవిడ తలూపింది. ఆ తర్వాత మా కార్యక్రమాలకి రావడం మానేసింది. ఏడాది తిరిగాక తెలిసింది, ఎవరో డాక్టరమ్మ గుర్తుపట్టి, భర్తని బయట కూర్చోబెట్టి, ఒంటరిగా అడిగితే చెప్పిందట. అక్కడి నుంచి ఆశ్రయం ఇచ్చే ఇంటికి పంపారు. ఇప్పుడు బాగానే ఉందని విన్నాను. మా సంఘంలో అన్ని కుటుంబాలం ఉన్నాం, ఆవిడకి మాలో ఒక్కరమూ పనికిరాలేదు. అందులో నేను ముందు వరసలో ఉన్నాను.

మళ్ళీ కరోలిన్ దగ్గరికి వస్తాను.

1836 వసంతంలో ఈస్టర్ సమయానికి పిల్లల్ని తీసుకుని తన అన్న ఇంటికి వెళ్దామనుకుంది. భర్త ఒప్పుకోలేదు. ఆవిడ బయట ఉండగా పిల్లల్ని వేరేచోటికి తరలించేశాడు. ఇంటి తలుపులు ఆవిడకి మూసేశారు. బట్టలు, రాతప్రతులు, ఉత్తరాలు అన్నీ లోపలే ఉండిపోయాయి. చట్టప్రకారం అవన్నీ అతనివే మరి. పిల్లలు జార్జ్ అన్నగారి ఊళ్ళో ఉన్నారని తెలిసి అక్కడికి వెళ్ళింది. కొద్ది నిమిషాలు దగ్గరికి తీసుకుందో లేదో, పరాయి స్థలంలోకి చొరబడ్డావని బెదిరించి పిల్లల్ని లాగేసుకున్నారు. చిన్నవాడికి అప్పటికి మూడేళ్ళు కూడా లేవు.

అంతటితో ఆగలేదు. తన భార్యతో సంబంధం పెట్టుకున్నాడని మెల్‌బోర్న్ మీద జార్జ్ పదివేల పౌండ్ల నష్టపరిహారానికి దావా వేశాడు. మెల్‌బోర్న్ అప్పటికి ప్రధానమంత్రి. ఊరంతా ఇదే మాట. 1836 జూన్ 22న విచారణ. ఇందులో విచిత్రం ఏమిటంటే, అది ఇద్దరు మగవాళ్ళ మధ్య దావా. భార్య సొత్తు కింద లెక్క కాబట్టి, సొత్తు పాడుచేసినవాడి మీద యజమాని వేసే దావా అన్నమాట. ఆవిడ కోర్టులో మాట్లాడటానికి లేదు, లాయరుని పెట్టుకోవడానికి లేదు. ఎక్కువగా పనిలోంచి తీసేసిన నౌకర్లని తెచ్చి సాక్ష్యం చెప్పించారు. జ్యూరీ లేచి లోపలికి కూడా వెళ్ళకుండా, కూర్చున్నచోటే దావా కొట్టేసింది. ఆ విచారణ రాసుకోవడానికి వచ్చిన పత్రికా విలేఖరుల్లో చార్లెస్ డికెన్స్ కూడా ఉన్నాడు. పిక్‌విక్ పేపర్స్ చదివినవాళ్ళకి అందులో ఒక హాస్యాస్పదమైన కోర్టు సీను గుర్తుండే ఉంటుంది, దానికి మూలం ఇదే.

మెల్‌బోర్న్ బయటపడ్డాడు, ప్రధానమంత్రిగానే కొనసాగాడు. కరోలిన్‌కి ఏం మిగిలింది? పేరు పోయింది. ఆవిడ తప్పు చేయలేదని తేలింది కాబట్టి భర్త విడాకులు ఇవ్వడానికి లేదు. తాను వెనక్కి వెళ్ళి క్షమించింది కాబట్టి తను అడగడానికీ లేదు. పిల్లలు తండ్రి సొత్తు. ఇరవై ఎనిమిదేళ్ళకి ఆవిడ పెళ్ళాంకాని పెళ్ళాం, తల్లికాని తల్లి అయింది.

ఇలాంటి పరిస్థితిలో ఇంకొకరైతే మూల కూర్చునేవారు. మనం సంసారం గుట్టు, రోగం రట్టు అంటూ ఉంటాం. కరోలిన్ తన సంసారాన్నే రోగంలా చూసింది. అందరికీ చూపించి మందు ఏదని అడిగింది. పాత చట్టాల పుస్తకాలు చదివింది. తల్లికి పిల్లల మీద హక్కు గురించి 1837లో ఒక కరపత్రం అచ్చు వేయించింది. టాల్ఫర్డ్ అనే లాయరు, పార్లమెంటు మెంబరు, బిల్లు పెట్టడానికి ముందుకొచ్చాడు. 1838లో కామన్స్ సభ ఒప్పుకుంది, ప్రభువుల సభ తోసిపుచ్చింది. ఆవిడ ఊరుకోలేదు. ఆడది రాసిందంటే చదవరని పియర్స్ స్టీవెన్‌సన్ అనే మగ పేరుతో మరో కరపత్రం రాసి సభ్యులకి పంపింది. 1839లో చట్టం వచ్చింది. ఏడేళ్ళ లోపు పిల్లల్ని తన దగ్గర ఉంచుకోవడానికి, అంతకన్నా పెద్దపిల్లల్ని చూడటానికి తల్లి కోర్టుని అడగవచ్చు. తప్పు చేసినట్టు రుజువైన తల్లికి మాత్రం ఆ అవకాశం లేదు. అంతవరకు ఇంగ్లండులో పెళ్ళయిన తల్లికి పిల్లల మీద ఏ హక్కూ లేదు, పాలు తాగే బిడ్డనైనా తండ్రి లాక్కుపోవచ్చు. మన హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం 1956లో వచ్చింది, అందులో ఐదేళ్ళ లోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని ఉంది. చిన్నబిడ్డకి తల్లి కావాలనే ఆ ఆలోచన చట్టంలోకి మొదట దూరింది ఈ 1839 సందులోంచే.

కానీ కరోలిన్‌కి మాత్రం ఆ చట్టం పనికిరాలేదు. పిల్లలు స్కాట్లండులో ఉన్నారు, అక్కడికి ఈ చట్టం వర్తించదు. ఆ సరిహద్దు దాటించి పెడితే ఇక్కడి కోర్టు చెయ్యి అందదు.

ఇది చదివినప్పుడు నాకు పాతకాలం కథలా అనిపించలేదు. సెలవులకని పిల్లల్ని ఇండియా తీసుకెళ్ళి, అక్కడే ఉంచేసి, భార్యని ఒంటరిగా వెనక్కి పంపినవాళ్ళ గురించి, లేదా భార్యనే పాస్‌పోర్టు లేకుండా అత్తగారింట్లో వదిలి వచ్చినవాళ్ళ గురించి ఇక్కడ ఉన్న మనందరం వినే ఉంటాం. ఒక దేశం నుంచి ఇంకో దేశానికి తీసుకుపోయిన పిల్లల్ని వెనక్కి పంపించేందుకు హేగ్‌లో 1980లో కుదిరిన ఒప్పందంలో ఇండియా చేరలేదు. కాబట్టి అలాంటి అనుమానం ఉంటే విమానం ఎక్కకముందే లాయరుని అడగాలి, ఎక్కాక కాదు. తల్లులకే కాదు, తండ్రులకీ ఇదే మాట.

1842లో చిన్నకొడుకు విలియం గుర్రం మీంచి పడ్డాడు. దెబ్బ చిన్నదే, పట్టించుకోలేదు, విషమించింది. కబురు అందుకుని తల్లి బయలుదేరింది. చేరేసరికి పిల్లవాడు లేడు. తొమ్మిదేళ్ళు. ఆ తర్వాత గానీ మిగిలిన ఇద్దరు పిల్లలు తల్లి దగ్గరికి వచ్చిపోవడానికి జార్జ్ ఒప్పుకోలేదు.

ఆవిడ రాస్తూనే ఉంది, బతుకుతూనే ఉంది. 1845లో ఆ చెస్టర్‌ఫీల్డ్ స్ట్రీట్ ఇంటికి మారింది. 1840ల చివర డేనియల్ మక్లీస్ అనే చిత్రకారుడు ప్రభువుల సభలో గోడ మీద న్యాయదేవత బొమ్మ వేయడానికి ఆవిడనే ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. ఆవిడ బిల్లుని తోసిపుచ్చిన సభలోనే ఆవిడ ముఖం న్యాయదేవతగా నిలబడింది. ఈ సంగతి తెలిశాక నాకు నవ్వొచ్చింది, ఒళ్ళూ మండింది.

1848లో భార్యాభర్తలు ఒక కాగితం రాసుకున్నారు. ఏడాదికి 500 పౌండ్లు ఇస్తానన్నాడు అతను. 1851లో తల్లి పోతూ కరోలిన్‌కి కొంత ఆదాయం రాసిపెట్టింది. అది తెలియగానే అతను డబ్బు ఆపేశాడు. బండి బాగుచేసినవాళ్ళ బాకీ తీర్చలేదని 1853లో విషయం కోర్టుకెక్కింది. అప్పుడు తెలిసింది, భార్యాభర్తల మధ్య రాసుకున్న ఒప్పందం చెల్లదని, ఎందుకంటే చట్టం లెక్కలో ఇద్దరూ ఒక్కరే. తనతో తనే ఒప్పందం చేసుకున్నట్టు! పైగా ఆవిడ పుస్తకాల మీద వచ్చే సొమ్ము కూడా తనదేనని అతను వాదించాడు. పదిహేడేళ్ళుగా విడిగా ఉంటున్న మనిషి జీతం అది.

దెబ్బలు చూపించడానికి మచ్చ ఉంటుంది. డబ్బు పట్టి బిగించడానికి మచ్చ ఉండదు. అందుకే అది చాలా ఆలస్యంగా కంటికి కనిపిస్తుంది. 1854లో ఇంగ్లండు చట్టాలు స్త్రీలని ఎలా చూస్తున్నాయో ఒక పుస్తకం, 1855లో విడాకుల బిల్లు మీద రాణీగారికి బహిరంగ లేఖ రాసింది. రెంటిలోనూ ఏడుపు తక్కువ, లెక్క ఎక్కువ. ఏ రోజు ఏం జరిగింది, ఎంత సొమ్ము, ఏ చట్టం, ఎవరు చూశారు అని వరసగా ఉంటుంది. ఈ రోజుల్లో సలహా ఇచ్చేవాళ్ళు చెప్పేది కూడా అదే. తేదీ వేసి రాసిపెట్టుకోండి, ఫొటో తీసుకోండి, డాక్టరుకి చెప్పి రికార్డులో ఎక్కించండి, కాకపోతే ఆ కాగితాలు ఇంట్లో దొరికేచోట పెట్టకండి, నమ్మకమైన మనిషి దగ్గర పెట్టండి అని.

1857లో విడాకుల చట్టం వచ్చింది. భర్త వదిలేసిన భార్య తన సంపాదనని కాపాడుకోవచ్చు, విడిగా ఉన్న భార్య తన పేరుతో దావా వేయవచ్చు, ఒప్పందం చేసుకోవచ్చు, ఆస్తి పొందవచ్చు అనే క్లాజులు అందులో చేరాయి. అవి చాలావరకు కరోలిన్ గోల వల్లే వచ్చాయని చరిత్ర రాసినవాళ్ళు ఒప్పుకుంటారు. లోపాలూ ఉన్నాయి. భార్య తప్పు చేస్తే చాలు భర్తకి విడాకులు వస్తాయి. భార్య అడగాలంటే భర్త తప్పుతో పాటు క్రూరత్వమో, వదిలిపోవడమో కూడా చూపించాలి. కొట్టడం ఒక్కటే చాలదన్నమాట. కొట్టి శిక్షపడ్డ భర్త నుంచి భార్య విడిగా ఉండేందుకు మేజిస్ట్రేటు ఆజ్ఞ ఇవ్వవచ్చునని చట్టం రావడానికి 1878 దాకా పట్టింది. అది ఫ్రాన్సెస్ పవర్ కాబ్ అనే మరో ఆవిడ పోరాటం. అప్పటికి కరోలిన్ లేదు.

ఆవిడని దేవతని చేయడం నాకిష్టం లేదు. ఆడా మగా సమానమని ఆవిడ ఎప్పుడూ అనలేదు, సమానం కాదనే రాసింది. బలహీనులకి రక్షణ కావాలి అన్నదే ఆవిడ వాదన. ఆడవాళ్ళకి ఓటు కావాలన్నవాళ్ళు ఆవిడని తమలో ఒకతెగా లెక్కపెట్టుకోవడానికి ఇబ్బంది పడ్డారు. గొప్పింటి స్నేహాలు, అందం, చేతిలో కలం ఉన్నాయి కాబట్టి ఆవిడ గొంతు వినపడింది. అవేవీ లేని వేలమంది కూడా అదే చట్టం కింద బతికారు.

పెద్దకొడుకు ఫ్లెచర్ 1859లో క్షయతో పోయాడు. జార్జ్ నార్టన్ 1875లో పోయాడు. దాదాపు నలభై ఎనిమిదేళ్ళు అతని భార్యగానే ఉండాల్సి వచ్చింది. 1877 మార్చిలో పాత స్నేహితుడు సర్ విలియం స్టర్లింగ్ మాక్స్‌వెల్‌ని పెళ్ళాడింది. ఆవిడకి అరవై ఎనిమిది, దాదాపు అరవై తొమ్మిది. జూన్ 15న కన్నుమూసింది. మూడు నెలలు.

ఇక మనకి పనికొచ్చే సంగతులు. కరోలిన్‌కి లేనివి ఇప్పుడు ఈ దేశంలో చాలా ఉన్నాయి, తెలియకే వాడుకోం. చెయ్యి ఎత్తకపోయినా, ఫోన్లు చూడటం, డబ్బు ఇవ్వకపోవడం, పుట్టింటివాళ్ళతో మాట్లాడనివ్వకపోవడం, నిన్ను ఇండియా పంపించేస్తానని బెదిరించడం లాంటివి పదేపదే చేసి మనిషిని గుప్పిట్లో పెట్టుకోవడం ఇంగ్లండు, వేల్స్‌లలో 2015 చట్టంతో నేరమైంది. 2021 చట్టం డబ్బు పట్టి బిగించడాన్ని కూడా గృహహింస కిందే చేర్చింది, ఇంట్లో ఇదంతా చూసే పిల్లలు కూడా బాధితులే అంది. అత్తగారు, ఆడపడుచు, బావగారు చేసినా ఇదే వర్తిస్తుంది. బాధపడేవాడు మగవాడైనా అంతే.

ప్రాణభయం ఉంటే 999. మాట్లాడే వీలు లేకపోతే సెల్‌ఫోను నుంచి చేసి, అడిగినప్పుడు 55 నొక్కితే పోలీసులకి కలుపుతారు. ఊరికే మౌనంగా ఉంటే సరిపోదు, 55 నొక్కాలి. సలహాకి 0808 2000 247, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, డబ్బు పడదు, తెలుగు మాట్లాడేవాళ్ళని లైన్లోకి తెమ్మని అడగవచ్చు. మన దేశాలవాళ్ళ ఇళ్ళ సంగతులు బాగా తెలిసిన సౌతాల్ బ్లాక్ సిస్టర్స్ సంస్థ 1979 నుంచి పనిచేస్తోంది. ఇక వీసా. భర్త వీసా మీద వచ్చాను, వదిలేస్తే మర్నాడే పంపేస్తారు అనేది ఇళ్ళలో చెప్పే పెద్ద అబద్ధం. భార్య లేదా భర్తగా వచ్చి హింస వల్ల కాపురం విరిగినవాళ్ళకి ఇక్కడ ఉండిపోవడానికి దరఖాస్తు చేసుకునే దారి ఉంది. ఉద్యోగం, చదువు వీసాల మీద వచ్చినవాళ్ళ డిపెండెంట్లకి కూడా 2024 నుంచి మూడు నెలలపాటు ప్రభుత్వ సాయంతో ఊపిరి తీసుకునే వీలు ఇచ్చారు. అయితే వాళ్ళకి ఆ తర్వాత శాశ్వతంగా ఉండే హక్కు దానంతటదే రాదు. కాబట్టి దరఖాస్తు పెట్టేముందే ఇమ్మిగ్రేషన్ లాయరుతో మాట్లాడాలి. అక్కడ ఊళ్ళో ఉన్న అమ్మానాన్నలకి, అక్కడే చిక్కుకుపోయిన అమ్మాయిలకి ఇండియాలో 181 మహిళా హెల్ప్‌లైన్ ఉంది. 2006 అక్టోబరు నుంచి అమల్లో ఉన్న గృహహింస చట్టం కింద కోర్టు రక్షణ ఉత్తర్వు ఇవ్వవచ్చు, ఇంట్లోంచి వెళ్ళగొట్టకుండా ఆపవచ్చు.

ఎవరైనా మీతో చెప్పుకుంటే, మధ్యవర్తిత్వం చేద్దామని ఆ భర్తకి ఫోను మాత్రం చేయకండి. చెప్పేసిందని తెలిసిన రాత్రి ఆ ఇంట్లో ఏం జరుగుతుందో మనం చూడబోం. నమ్ముతున్నానని చెప్పండి, నంబరు ఇవ్వండి, పాస్‌పోర్టు ఎక్కడుందో కనుక్కోండి. ఈసారి దీపావళికి మేం హాల్లో ఆడవాళ్ళ బాత్రూము తలుపులకి లోపలివైపు ఒక కాగితం అంటించాం. కింద నంబరు రాసిన చిన్నచిన్న చీటీలు, చింపుకుని జాకెట్టులో దోపుకునేంతవి. అలంకరణ కమిటీలో ఒకాయన పండగపూట ఇదేం అశుభం అన్నారు. రాత్రి హాలు ఊడ్చి అప్పజెప్పేటప్పుడు కాగితాలు ఊడదీసింది నేనే. నాలుగు చీటీలు లేవు.